పెట్టె మామ్మ పడవ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ "అలిసిపోయాను" అనేవాళ్ళు కాదు. అంటే పక్కనున్నవాళ్ళు తల తిప్పి చూసి "ఏం చేశావని?" అని అడిగేవాళ్ళు. పొద్దున్నే మిరపచేలోకి పోయి పొద్దుగూకినాక వచ్చే నాన్న అనడు, వంగి వంగి పత్తి తీసి నడుం పట్టేసిన అమ్మ అనదు, డెబ్భై దాటిన మామ్మకయితే ఆ మాట ఒకటి ఉందనే తెలియదు. మొత్తం ఇంట్లో అలిసిపోయే హక్కు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే నేను మేష్టర్ని, నీడపట్టున కుర్చీలో కూర్చునేవాణ్ణి. అందుకేనేమో నాకు ఎప్పుడూ అలసటగానే ఉండేది. ఇప్పుడు అరవై దాటాక నాలుగు మెట్లెక్కి "అమ్మయ్య" అంటే చాలు, మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చిస్తుంది, డాక్టరు బిళ్ళలు రాసిస్తాడు. ఇప్పుడు అలిసిపోవటం తేలిక. ఇరవై మూడేళ్ళ వయసులో నలుగురూ ఒప్పుకునేట్టు అలిసిపోవటానికి మాత్రం నేను చాలా కష్టపడాల్సి వచ్చింది. ఆ కష్టం సంగతే ఇది (చెప్పటానికి కూడా ఓపిక కావాలి, మీరూ కాస్త ఓపిక పట్టండి).

ప్రత్తిపాడు దాటి ఇంకా లోపలికి పోతే మా ఊరు. ఎనభైల మొదట్లో నాకు కాలువ అవతల పల్లెలో, చర్చివాళ్ళ బడిలో ఉద్యోగం వచ్చింది. మా వసారాలో నిలబడితే ఆ బడి పెంకులు కనపడేవి. గాలి అటునుంచి వీస్తే బడిగంట కూడా వినపడేది. మధ్యలో ఉన్నదల్లా సాగర్ కాలువ. కాలువకి వంతెన మాత్రం మైలున్నర ఎగువన ఉంది. పొద్దున్నే మైలున్నర పైకి నడిచి, వంతెన దాటి, మళ్ళీ మైలున్నర కిందికి నడిచి, మా ఇంటికి ఎదురుగా తేలేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అదే తంతు. వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేస్తారు కాబట్టి ఆ రెణ్ణెల్లు అడ్డంగా దిగి నడిచి పోవచ్చు. కానీ ఆ రెణ్ణెల్లూ బడికి సెలవులు. నా జాతకంలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

"ఈదుకుంటా పోరాదంట్రా?" అన్నాడు నాన్న ఒకసారి. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అన్నాడు. ఇస్త్రీ చొక్కా తడిసి కారుతుండగా బ్లాకుబోర్డు ముందు నిలబడి ఎక్కాలు చెప్పే మేష్టర్ని ఎవరు లెక్కచేస్తారో మీరే చెప్పండి. నా అలసటని నమ్మింది ఇంట్లో మామ్మ ఒక్కతే. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. నేను బడినుంచి వచ్చి వసారా అరుగు మీద కూలబడగానే ఆవిడ ఏమీ అడక్కుండా ఆముదం వెచ్చచేసి తెచ్చి నా అరికాళ్ళకి రాసేది. "పిల్లోడి కాళ్ళు కాలిపోతన్నయ్" అని తనలో తాను అనుకునేది. రోజంతా మిరపకాయల్లో తాలుకాయలు ఏరి ఏరి ఆవిడ వేళ్ళకి ఎప్పుడూ కారం అంటి ఉండేది. అరికాళ్ళు చల్లబడేవో మండేవో నాకే తెలిసేది కాదు. అయినా ఎప్పుడూ వద్దనలేదు.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి "పెట్టె మామ్మ" అనేవాళ్ళు. దానికి కారణం ఆవిడ మంచం కింద ఉండేది. గోనెసంచుల్లో చుట్టిన నాలుగు టేకు పలకలు, ఒక్కోటి మనిషి కంటే పొడవు. అవి ఆవిడ పెట్టెకి. అంటే ఆవిడ పోయాక ఆవిణ్ణి పెట్టటానికి. మా తాత నడివానాకాలంలో పోయాడట. ఆ రోజుల్లో మావాళ్ళకి పెట్టెలెక్కడివి, చాపలో చుట్టి తీసుకుపోయారు. తోవలో వాన అందుకుంది. చాప తడిసి, నానిపోయి, సమాధుల దొడ్డి చేరేసరికి ఆయన పాదాలు బయటికి వచ్చాయట. మామ్మ ఆ సంగతి ఏడుస్తూ చెప్పగా నేను వినలేదు. మామూలుగానే చెప్పేది, కానీ ప్రతిసారీ పాదాల దగ్గరికొచ్చి ఆగేది. తరవాతెప్పుడో పాత మిషన్ బంగళా పడగొట్టినప్పుడు మామ్మ పదిహేను రోజులు మట్టీ ఇటికలూ మోసి, కూలి వద్దని ఆ తలుపుల టేకు పలకలు అడిగి తెచ్చుకుంది. అప్పట్నుంచీ వాటిమీదే మంచం వేసుకుని పడుకుంటోంది. "నాకు ఇల్లు ఉన్నా లేకపోయినా పెట్టె ఉంది" అనేది. ఆ ధీమా చూస్తే పెద్ద రైతులు కూడా కాస్త తగ్గి మాట్లాడేవాళ్ళు.

ఆ బంగళా వల్లే నా కొంప కూడా మునిగింది. అక్కడి పాత ఇంగ్లీషు పత్రికలు ఒక ట్రంకుపెట్టెడు మా బడికి వచ్చాయి, పిల్లల పుస్తకాలకి అట్టలు వేసుకోమని. ఒకరోజు అట్ట వేస్తూ ఒక బొమ్మ చూశాను. ఎవరో దొర తన ఇంటి వెనక పాకలో, బొటనవేలంత వెడల్పున ఉన్న సన్నటి చెక్క బద్దీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి పడవ చేస్తున్నాడు. మొదటి బొమ్మలో బద్దీలు, నాలుగో బొమ్మలో పడవ, ఆరో బొమ్మలో ఆయన సరస్సులో తెడ్డు వేస్తున్నాడు. ఆరు బొమ్మల్లోనూ మొహం మీద చెమట చుక్క లేదు. పని అంటే ఇలా ఉండాలి అనిపించింది. మూడు మైళ్ళ నడక పోయి మూడు నిమిషాల పడవ వస్తుంది. నా జీవితంలో నేను వేసిన లెక్కల్లో అంత తప్పు లెక్క మరోటి లేదు.

చెక్క కావాలి. మా చుట్టుపక్కల తుమ్మ, వేప తప్ప టేకు ఎక్కడుంది? మామ్మ మంచం కింద ఉంది. రెండు రోజులు ఆ మంచం చుట్టూ తిరిగాను. మూడోరోజు కాళ్ళకి ఆముదం రాస్తుంటే నోరు విప్పాను.

"మామ్మా, పడవంటే మాత్రం ఏంది, పెట్టే గదా. టేకు టేకే, ఎక్కడికీ పోదు. నీకు అవసరం పడినప్పుడు విప్పించి పెట్టె చేయిస్తా."

ఆవిడ రాయటం ఆపలేదు. "నేను ఎప్పుడు పోతానో నీకు చెప్పి పోతానంట్రా?"

"ముందు ఒకమాట చెప్పరాదా."

మామ్మ నవ్వింది. నా పాదాలకేసి చూసి, "చాపలో మాత్రం పంపబాక" అంది. మర్నాడు పొద్దున లేచేసరికి గోనెసంచులు విప్పి, పలకలు నాలుగూ వసారాలో గోడకి నిలబెట్టి ఉన్నాయి. తుడిచింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం ఎగిరి గంతేశాను.

ఇక పని. మా ఊరి వడ్రంగి ఆచారిగారిని పిలిచాను. ఆయన తలుపులు, మంచాలు, నాగళ్ళు, బండిచక్రాలు చేయటంలో ఘనుడు. ఏ కొలతయినా మూడుసార్లు కొలిచి నాలుగోసారి నన్ను కొలవమనేవాడు. బొమ్మ చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "తలకిందులు చేసిన తొట్టి గదా మేష్టారూ, చేద్దాం" అన్నాడు. పలకలు గుంటూరు తీసుకుపోయి సామిల్లులో బద్దీలుగా కోయించుకొచ్చాం. బస్సు పైకెక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి. మొదటిరోజే నాకు విసుగొచ్చింది. కానీ కోసిన పలకలు మళ్ళీ పలకలు కావు గదా, ఇక వెనక్కి పోవటానికి లేదు.

బొమ్మ కింద దొర ఏదో జిగురు పేరు రాశాడు, రెండు డబ్బాల్లోది కలపాలట. గుంటూరులో నాలుగు కొట్ల వాళ్ళని అడిగితే నలుగురూ ఆ పేరు నాచేత మళ్ళీ మళ్ళీ పలికించి, చివరికి లేదన్నారు. ఆచారి తేలిగ్గా తీసేశాడు. "వాళ్ళ దేశంలో వాళ్ళ వజ్రం, మన దేశంలో మన వజ్రం" అన్నాడు. వజ్రం అంటే మీరు అనుకునే వజ్రం కాదు, వడ్రంగులు వాడే జిగురు. పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేస్తారు. బిళ్ళలుగా దొరుకుతుంది, నీళ్ళు పోసి పొయ్యి మీద కాచి వాడాలి. దాని వాసనకి అమ్మ వంట పెరట్లోకి మార్చేసింది. "ఈ వజ్రంతో మా తాత చేసిన తలుపులు ఇవాళ్టికీ ఇంత కదల్లేదు" అన్నాడు ఆచారి. నిజమే, నేనూ చూశాను ఆ తలుపులు.

వేసవి సెలవులు రెణ్ణెల్లూ, రోహిణికార్తె ఎండలు దాటేదాకా, మా వసారా నరకం. ఒకపక్క మిరపకాయల బస్తాలు, ఇంకోపక్క పడవ అచ్చు, మధ్యలో కూర్చుని తాలుకాయలు ఏరుతూ మామ్మ. బద్దీని వేణ్ణీళ్ళతో తడపాలి, వంచాలి, వజ్రం పూయాలి, పక్కదానికి అతికించాలి, ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. దొర దగ్గర పట్టుకోవటానికి ఇనపబిగింపులు ఉన్నాయి. మా దగ్గర నేనున్నాను. అమ్మ పాతచీరెలు చింపిన పీలికలతో కట్టాం, ఇటికలు వేలాడదీశాం, రోలు ఎత్తి పెట్టాం. అవి చాలనిచోట నన్ను కూర్చోమనేవాడు ఆచారి. "మేష్టారూ, మీరు ఇక్కడ బరువు. కదలొద్దు." అలా ఒక బద్దీ మీద ఒకపూట. చిత్రిక పడుతుంటే లేచే పొట్టూ, బస్తాల కారం ఘాటూ కలిసి ఒకటే తుమ్ములు. తుమ్మితే బద్దీ కదిలేది. కదిలితే మళ్ళీ మొదటికి. సెలవులు అయిపోయేసరికి నేను సగమయ్యాను. ఆ రెణ్ణెల్ల శ్రమని నడకలో పెడితే మద్రాసు పోయి రావచ్చు (నాన్న ఆ మాట రోజుకొకసారి గుర్తుచేసేవాడు). ఒకనాటి సాయంత్రం ఆచారి దగ్గరే ఒప్పుకున్నాను, "అలిసిపోయానండీ" అని. ఆయన చిత్రిక ఆపి నాకేసి చూసి "నిజమే మేష్టారూ" అన్నాడు. మా ఇంటి వసారాలో ఆ మాటకి మొదటిసారి గౌరవం దక్కింది.

మధ్యలో ఒకసారి చీరాలలో మేనత్తని చూడటానికి పోయి, పనిలో పనిగా వాడరేవు పోయి అక్కడొక ముసలి జాలరికి బొమ్మ చూపించాను. ఆయన వల బాగుచేస్తూనే చూశాడు. "మేకుల్లేవే. తాడుతో కుట్టిందీ లేదే. దేంతో నిలబడిద్ది?" అన్నాడు. జిగురుతో అన్నాను. ఆయన మొదటిసారి వల పక్కన పెట్టాడు. "నీళ్ళకి జిగురేం లెక్క మేష్టారూ?" అన్నాడు. "మాది సముద్రం కాదండి, కాలువ" అన్నాను. "నీళ్ళు నీళ్ళే గదా" అన్నాడు. పాపం చదువుకోనివాడు, ఉప్పునీళ్ళు తప్ప ఎరగడు అనుకున్నాను. లేచి వస్తుంటే వెనకనుంచి ఇంకోమాట చెప్పాడు: "కొత్తపడవని ఎక్కేముందు ఒకపూట నీళ్ళల్లో నాననియ్యి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటయ్." ఈ రెండో సలహా నాకు బాగా నచ్చింది, కాయితం మీద రాసుకున్నాను. ఆయన చెప్పిన రెండు మాటల్లో ఏది వదిలేయాలో ఏది పాటించాలో తెలియకపోవటం వల్లే మీకు ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

బడి తెరిచేనాటికి కాలువకి నీళ్ళొదిలారు. పడవ తయారు. పన్నెండడుగుల పొడవు, రెండు చివర్లా కొస తేలి, మధ్యలో కడుపు ఉబ్బి, చూడటానికి ముచ్చటగా ఉంది. బయటివైపు చర్చి కిటికీలకి వేయగా మిగిలిన నీలం రంగు వేశాం. లోపలికి రంగు చాల్లేదు. మామ్మ ఒకసారి చుట్టూ తిరిగి బద్దీలన్నీ చేత్తో తడిమింది. "అన్నీ ఉన్నయ్యా?" అంది. అన్నీ ఉన్నాయన్నాను.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో కొత్త వస్తువు ఏది వచ్చినా, ఇల్లు కానీయండి, సైకిలు కానీయండి, బర్రె కానీయండి, పాస్టరుగారు ప్రార్థన చేస్తేగానీ వాడం. మా పాస్టరుగారిని అందరం "అయ్యగారు" అనేవాళ్ళం. మహానుభావుడు, మంచి మనిషి, కానీ ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద అన్నం పెట్టివచ్చినవాళ్ళు ఆశ వదులుకోవాల్సిందే. ఆ ప్రార్థన సాగినంతసేపూ కళ్ళు తెరవకూడదు. తెరిస్తే దేవుడు చూస్తాడని పిల్లలకి చెప్పేవాళ్ళు. మా ఇంట్లో దేవుడిదాకా పోనక్కర్లేదు. చర్చిలో చాపమీద నా కుడిపక్క ఎప్పుడూ మామ్మ కూర్చునేది. నేను ఒక్క కన్ను, అదీ అరకన్ను తెరిచినా తొడమీద గిల్లేది. "నువ్వూ కళ్ళు మూసుకునే ఉన్నావుగా, నీకెట్టా తెలిసింది?" అని ఒకసారి అడిగితే దానికి ఇంకోటి గిల్లింది. ఇరవై మూడేళ్ళొచ్చి, పిల్లలకి పాఠాలు చెప్పే స్థితికి వచ్చినా ఆ తొడ అలాగే జడుస్తూ ఉండేది.

ఆదివారం చర్చి అయ్యాక ముహూర్తం. పొద్దున్నే నేనూ ఆచారీ పడవని రేవులో దించి, జాలరి చెప్పినట్టే నిండా నీళ్ళు పోసి నానబెట్టాం. మధ్యాహ్నానికి నీళ్ళు తోడేసి చూస్తే సందన్నదే లేదు, చెక్క ఉబ్బి బిర్రుగా ఉంది. "చూశారా" అన్నాడు ఆచారి. చూశాను. చర్చి జనమంతా గట్టుమీద నిలబడ్డారు. పడవలో కూర్చుని ప్రార్థన చేస్తేనే నిండుగా ఉంటుందని అయ్యగారు చెప్పులు విడిచి ముందుభాగంలో ఎక్కారు. తెడ్డు పట్టుకుని నేను వెనక ఎక్కాను. అప్పుడు మామ్మ చీరె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రేవులోకి దిగింది.

"నువ్వెందుకే అమ్మా, గట్టున ఉండు" అన్నాడు నాన్న.

"కర్రలు నాయి. నేను ఎక్కనా?" అంది మామ్మ. ఎక్కి, నాకు ముందు, నా మోకాళ్ళకి ఆనుకుని కూర్చుంది. గిల్లటానికి చాలా అనువైన చోటు.

పడవ రేవుకి తాడుతో కట్టే ఉంది. తాడు పొడవున్నంతమేరా కాలువలోకి జరిగి ఆగింది. అయ్యగారు చేతులు చాచి "కళ్ళు మూసుకుందాం" అన్నారు. మూసుకున్నాం.

ప్రార్థన లోకం పుట్టకముందు నీళ్ళతో మొదలైంది. అక్కణ్ణుంచి వాక్యంలో, అంటే బైబిల్లో, వానలు, వరదలు, ఓడలు, చేపలు ఉన్న చోటల్లా ఆగి పలకరించుకుంటూ నింపాదిగా వస్తున్నారు. ఆయన ఓడల దగ్గర ఉండగా నా పాదాలకి చల్లగా తగిలింది. చెమటేమో అనుకున్నాను. చేపల దగ్గరికొచ్చేసరికి చీలమండలు మునిగాయి. చెమట అంత పట్టదు. కళ్ళు తెరుద్దామా అనుకున్నాను, తొడ వద్దంది. ఎక్కడో "టప్" మంటూ చిన్న చప్పుడు, కాసేపటికి ఇంకోటి. అయ్యగారి గొంతులో ఒక్క క్షణం తడబాటు వినపడింది, ఆయనకీ తగిలినట్టుంది. కానీ ప్రార్థన మధ్యలో ఆపటం ఆయన ఎరగరు, వెనక్కి ఓడల దగ్గరికే తిరిగారు. "జలప్రళయం నాటి ఆ ఓడకి లోపలా బయటా తారు పూయించిన తండ్రీ" అన్నారు. లోపల. మేం లోపల ఏమీ పూయలేదు. నాకు అప్పుడు, సరిగ్గా అప్పుడు, కళ్ళు మూసుకునే, ఆచారి వజ్రాన్ని పొయ్యిమీద నీళ్ళు పోసి కరిగించటం కనపడింది. నీళ్ళల్లో కరిగేదాన్ని నీళ్ళల్లో నానబెట్టాం. పొద్దుట్నుంచీ.

మీకు నవ్వొస్తుందేమో, కానీ మాది మెట్ట ఊరు. మాకు చెక్కంటే తడవకుండా చూసుకునే వస్తువు. తలుపయినా మంచమయినా చినుకు పడితే ముందు లోపల పెడతాం. కావాలని నీళ్ళల్లో ఉంచటానికి చెక్కతో ఒక వస్తువు చేసినవాడు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆచారికంటే ముందు లేడు. ఆయన తాత తలుపులు నిజంగానే కదల్లేదు, వాటికి ఎప్పుడూ చూరునీడ ఉంది.

మొత్తం ఆ రేవులో కళ్ళు తెరుచుకుని ఉన్నవాడు ఒక్క ఆచారే. ఆయన హిందువు, ఆయనకి ఈ నియమం లేదు. పడవ వెనకభాగం నుంచి బద్దీలు ఒక్కోటి ఊడి, విడిగా తేలి, వరసగా ఒంగోలు వైపు ప్రయాణం కట్టటం ఆయన మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. రెండు చేతులూ ఊపాడట, ఎగిరాడట, చివరికి తువ్వాలు తీసి తిప్పాడట. అంతా కళ్ళు మూసుకున్నవాళ్ళ ముందు. "మరి అరవచ్చుగా మహానుభావా?" అని తరవాత అడిగాను. "ప్రార్థన జరుగుతోంది గదా మేష్టారూ. మా గుళ్ళో హారతి వేళ మీరు వచ్చి అరుస్తారా?" అన్నాడు. అరవను. అది నిజమే.

అయ్యగారు "ఆమేన్" అనేసరికి నీళ్ళు నా నడుం దాకా ఉన్నాయి. కళ్ళు తెరిచి చూస్తే పడవ లేదు. అయ్యగారు కాలువలో నిలబడి చేతులు చాచి ఉన్నారు. నేను తెడ్డు పట్టుకుని ఉన్నాను. మామ్మ కాలువ అడుగున మామూలుగా కూర్చున్నట్టే కూర్చుని, మెడదాకా మునిగి, "ఆమేన్" అంది. కాలువ అక్కడ లోతులేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న దూకి ఆవిణ్ణి ఎత్తుకొచ్చి గట్టుమీద కూర్చోబెట్టాడు. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, దిగువకి పోతున్న నీలం బద్దీలకేసి చూసి, "పోన్లే, నా పెట్టెకి ముందే బాప్తిస్మం అయింది" అంది. గట్టుమీద అందరూ విరగబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. కానీ నేను పక్కనే ఉన్నాను, నవ్వుతూనే ఆవిడ పోయే బద్దీల్ని వేళ్ళమీద లెక్కపెట్టటం చూశాను.

ఆ తరవాత నాలుగు రోజులు బడికి సెలవు పెట్టి కాలువగట్టు వెంట నడిచాను. మూడు మైళ్ళ నడక తప్పించుకోబోయినవాణ్ణి, రోజుకి పది మైళ్ళు. ఒక బద్దీ తూముదగ్గర తుక్కులో, ఒకటి ఎవరి పొలంలోనో పిచ్చుకల్ని తోలే బొమ్మకి చెయ్యిగా, ఒకటి దిగువ ఊళ్ళో చంటిపిల్లాడి ఉయ్యాలకి అడ్డకర్రగా దొరికాయి. ఆ పిల్లాడి తల్లి, "ఇది దేని తాలూకు?" అని అడిగితే చెప్పలేక, "మా మామ్మది" అని ఊరుకున్నాను. అన్నీ దొరికాయి, ఆ ఉయ్యాలది తప్ప. దాన్ని అడగటానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం భుజాన కట్ట వేసుకుని ఇంటికి వస్తే మామ్మ వాటిని తీసుకుని, తుడిచి, ఎండుమిరపకాయల పక్కన ఆరబోసేది. తిట్టినా బాగుండేది. నాలుగోరోజు రాగానే అరుగుమీద పడిపోయాను. మామ్మ ఆముదం గిన్నె తెచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. "వద్దులే మామ్మా" అన్నాను, మొదటిసారి. "ఊరుకో, కాలిపోతన్నయ్" అంది.

కొత్త పలకలు తెస్తానని మాటిచ్చాను. ప్రతి క్రిస్మస్‌కీ ఇచ్చాను. ఆ తరవాత బదిలీ, పెళ్ళి, పిల్లలు. తేలేకపోయానని అబద్ధం చెప్పను, తేలేదు. మామ్మ మాత్రం బద్దీలు కట్టగట్టి, అవే గోనెసంచుల్లో చుట్టి, మళ్ళీ మంచం కింద పెట్టుకుంది. ఊళ్ళో ఎవరన్నా "ఏం మామ్మా, పెట్టె ఉందా పోయిందా?" అంటే "ఉందిలే, చీలికలయింది" అనేది. ఆరేళ్ళు బతికింది. నాతో ముందుగా ఒకమాట చెప్పి పోతానన్నట్టే నవ్వింది గానీ, చెప్పలేదు. సెలవులింకా ఇవ్వకముందు ఒక వేసవి పొద్దున, బదిలీ మీద చీరాలలో ఉన్న నా బడికి కబురొచ్చింది.

ఇంటికి చేరేసరికి వసారాలో ఆచారి కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. పొయ్యిమీద వజ్రం ఉడుకుతోంది, ఆ వాసన వీధి మొదట్లోనే తగిలింది. నేను గుంటూరు నుంచి పలకలు తెప్పిస్తానని మొదలుపెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఉగాది ముందు మా ఇంటికొచ్చి చెప్పి పోయింది మేష్టారూ. ఆ బద్దీలతోనే చెయ్యమంది. మేకులు వేస్తానంటే వద్దంది."

"మళ్ళీ వజ్రమేనా?" అన్నాను.

"నేనూ అదే అన్నాను. 'మా పిల్లోడు నన్ను పెట్టేది ఈసారి నీళ్ళల్లో కాదుగా ఆచారీ, మట్టిలోగా. వజ్రం చాలు' అంది."

బద్దీలు అప్పటి వంపు మర్చిపోలేదు. ఆచారి చెయ్యీ మర్చిపోలేదు. ఎంత సరిచేసినా ఆ పెట్టె తలవైపూ పాదాలవైపూ కొస తేలి, మధ్యలో కాస్త ఉబ్బి వచ్చింది, అక్కడక్కడా చర్చి కిటికీల నీలంతో. ఒక బద్దీ తక్కువైనచోట ఆచారి తన ఇంటి తలుపు తాలూకు ముక్క వేశాడు, వాళ్ళ తాత చేసినది. పట్టుకోవటానికి వసారాలో అప్పుడూ ఎవరో ఒకరు కావాలి. "ఇక్కడ బరువు, కదలొద్దు" అన్నాడు. ఆరేదాకా కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు అలసట తెలియలేదు.

సమాధుల దొడ్డికి పోయేటప్పుడు ఆకాశంలో మబ్బు తునక లేదు, దారి పొడిగా ఉంది, పెట్టె పొడిగా ఉంది, పాదాలు లోపలే ఉన్నాయి. అయ్యగారు కూడా ముసలివారయ్యారు. చేతులు చాచి కళ్ళు మూసుకుందాం అన్నారు. ప్రార్థన ఎప్పటిలాగే పొడుగు. మధ్యలో ఎక్కడో నేను కళ్ళు తెరిచాను. అందరూ తలలు వంచుకుని ఉన్నారు, కాస్త ఎడంగా ఆచారి ఒక్కడే కళ్ళు తెరుచుకుని నాకేసి చూస్తున్నాడు. నేను పెట్టెకేసి చూశాను, ఒక్క బద్దీ కదల్లేదు. తొడమీద ఏమీ తగల్లేదు. అప్పుడు ఏడ్చాను.

ఆ కాలువమీద మా ఇంటికి సరిగ్గా ఎదురుగా వంతెన వచ్చి చాలాకాలమైంది. పోయినసారి ఊరెళ్ళినప్పుడు దానిమీద నడిచి చూశాను, నిమిషం కూడా పట్టలేదు. అవతలికి చేరి ఆయాసంతో రాయిమీద కూర్చున్నాను. ఎవరో కుర్రమేష్టరు మోటారుసైకిలు ఆపి "ఏం తాతగారూ, అలిసిపోయారా?" అని అడిగాడు. అడిగినందుకు చాలా సంతోషమేసింది. ఇప్పటికీ చర్చిలో ప్రార్థన పొడుగైతే ఒక కన్ను తెరుస్తాను. తెరిచేముందు కుడితొడ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. కాసేపు చూసి, ఎవరూ గిల్లరని ఖాయమయ్యాక, చెయ్యి తీసేసి మళ్ళీ కళ్ళు మూసుకుంటాను.